జాంగోలో ఖాళీ ఫీల్డుల లొల్లి

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణానికి రైతుల వివరాల ఫారం చేస్తున్నా, మిర్చి సీజన్ రద్దీలో గుమస్తా అన్నీ నింపుతాడన్న ఆశ లేదు. జాంగోలో (పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) బ్లాంక్=ట్రూ ఫారం చెకింగ్‌కి, అంటే ఫీల్డు ఖాళీగా వదలొచ్చని; నల్=ట్రూ డేటాబేస్‌కి, అంటే అక్కడ విలువే లేకుండా (నల్) ఉండొచ్చని. మామూలు టెక్స్ట్ ఫీల్డుకి బ్లాంక్ చాలు, నల్ కూడా పెడితే ఖాళీకి రెండు రూపాలొచ్చి (నల్ ఒకటి, అక్షరాల్లేని ఖాళీ స్ట్రింగ్ ఒకటి) వెతికేటప్పుడు తలనొప్పి. కానీ ఫోన్ నంబర్‌కి యూనిక్ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదన్న షరతు) పెట్టారనుకోండి, నంబర్ లేని మొదటి రైతు ఎక్కుతాడు, రెండో ఆయన దగ్గర ఎర్రర్ కొడుతుంది, ఎందుకంటే ఖాళీ స్ట్రింగ్ కూడా డేటాబేస్ లెక్కలో ఒక విలువే. అక్కడ బ్లాంక్, నల్ రెండూ ట్రూ ఉండాల్సిందే, అప్పుడే ఖాళీ నంబర్ నల్‌గా ఎక్కి యూనిక్‌కి అడ్డురాదు. ఉత్త స్పేస్ కొట్టి వదిలేసినా ఫారం దాన్ని కత్తిరించి ఖాళీగానే చూస్తుంది, అది నయం. ఎక్సెల్ నుంచి తెచ్చి నేరుగా సేవ్ చేస్తే మాత్రం ఈ చెకింగ్ జరగదు, చెకింగ్ చేసే ఫుల్_క్లీన్ ఫంక్షన్‌ని మనమే పిలవాలి, ఖాళీ స్ట్రింగ్‌ని నన్‌గా (పైథాన్‌లో నల్‌కి పేరు) మార్చడమూ మన పనే.