విండోస్ 11 దాకా నా ప్రయాణం

విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగుస్తుందని ముందే తెలిసినా, చివరి వారం వరకూ నేను 11 జోలికి పోలేదు. ఎక్స్‌పీ నుంచి 7కు మారినప్పుడు పడ్డ పాట్లు గుర్తుండటమే అందుకు కారణం. ఉన్న ప్రోగ్రాములను నిలుపుకుంటూ నేరుగా మారే వీలు అప్పుడు లేదు కాబట్టి, ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి ఎక్కించుకుని, పాతదంతా చెరిపేసి, ఒక్కొక్క ప్రోగ్రామునూ మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకున్నాను. 7 నుంచి 10కు మాత్రం రాత్రి మొదలుపెడితే తెల్లవారేసరికి అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. స్టార్ట్ బటన్‌నే తీసేసిన 8ని నేను వాడనే లేదు, 8.1లో ఆ బటన్‌ను తిరిగి పెట్టవలసి రావడం నాకేమీ వింతగా తోచలేదు.

11 దగ్గర చిక్కు మరోలా వచ్చింది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు అనే షరతులు సరిపోయాయి కానీ, టీపీఎం 2.0 (రహస్య తాళాలను దాచిపెట్టే భద్రతా సదుపాయం) లేదని తనిఖీలో తేలింది. నిజానికి ఆ సదుపాయం ప్రాసెసర్‌లోనే ఉంది; బయాస్‌లో, అంటే విండోస్ కన్నా ముందే నడిచే సెట్టింగ్స్‌లో, పీటీటీ అనే పేరుతో ఆఫ్ చేసి ఉంది, అంతే. దాన్ని ఆన్ చేసిన ఉత్సాహంలో, కంప్యూటర్‌ను లేపే పాత పద్ధతి అయిన లెగసీ బూట్‌ను కూడా కొత్త పద్ధతి అయిన యూఈఎఫ్ఐకి మార్చేశాను. రీస్టార్ట్ చేస్తే నల్లటి తెర మీద బూట్ డివైస్ లేదన్న ఒక్క వాక్యం కనిపించింది. తప్పు నాదే: నా డిస్కులోని విభాగాల పట్టిక ఇంకా పాత ఎంబీఆర్ పద్ధతిలోనే ఉంది, యూఈఎఫ్ఐలో ఆ డిస్కు మీది విండోస్ లేవాలంటే ముందు దాన్ని కొత్త పద్ధతి అయిన జీపీటీకి మార్చాలి. మళ్లీ లెగసీకి వెళ్లి, బ్యాకప్ తీసుకుని, విండోస్‌తో పాటే వచ్చే ఎంబీఆర్2జీపీటీ అనే ప్రోగ్రామును ముందు వాలిడేట్‌తో (మార్చడం వీలవుతుందో లేదో చూసే ఆదేశం), ఆ తర్వాత కన్వర్ట్‌తో (మార్చే ఆదేశం) నడిపాను. అప్పుడు యూఈఎఫ్ఐకి మారిస్తే కంప్యూటర్ మామూలుగా లేచింది. అప్‌గ్రేడ్ ఏ అడ్డంకీ లేకుండా పూర్తయింది.

10లో టాస్క్‌బార్‌ను తెరకు ఎడమ అంచున పెట్టుకునేవాణ్ణి. నేను వేసుకున్న 11లో ఆ అవకాశం లేకపోవడం నాకు నిజమైన లోటు. రైట్ క్లిక్ మెనూను కుదించారు గానీ, షో మోర్ ఆప్షన్స్ నొక్కితే పాత మెనూ బయటికొస్తుంది. సెట్టింగ్స్‌లో అడిషనల్ మౌస్ సెట్టింగ్స్ తెరిస్తే, ట్యాబులున్న అదే చిన్న విండో వస్తుంది. ఎక్స్‌పీ రోజుల్లో డబుల్ క్లిక్ వేగాన్ని పరీక్షించడానికి అందులోని ఫోల్డర్ బొమ్మ మీద నొక్కి చూసేవాణ్ణి. ఆ ఫోల్డర్ బొమ్మ ఇప్పటికీ అక్కడే ఉంది.