పేరులో పైపై, ఉండేది లోపల

అమ్మకి ఎడమ కాలు పిక్క నుంచి తొడ దాకా వాచిపోతే గుంటూరు కొత్తపేటలో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ తీయించాం. రిపోర్టులో 'సూపర్‌ఫిషియల్ ఫిమోరల్ వీన్' అనే తొడ సిరలో రక్తపు గడ్డ అని రాశారు. సూపర్‌ఫిషియల్ అంటే పైపైదే కదా అని నేను తేలిగ్గా తీసుకున్నాను, బాబాయి అయితే "పై నరమేలే, కాపడం పెడితే పోద్ది, పొద్దున చూద్దాం" అనేశాడు. మనకెలాగూ సిరైనా ధమనైనా అన్నీ నరాలే.

ఎందుకో మనసొప్పక ఆ రాత్రే డాక్టరుగారికి ఫోన్ చేసి చదివి వినిపిస్తే, "అది పైది కాదమ్మా, లోతు సిర, వెంటనే తీసుకురండి" అన్నారు. అక్కడి గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుందట. ఇంజెక్షన్ పడేదాకా నా టెన్షన్ చెప్పలేను.

తర్వాత కూర్చుని చదివితే కోపమొచ్చింది. ఈ పేరు మోసం చేస్తుందని 1995లోనే ఒక అమెరికా వైద్య పత్రికలో రాశారు, 2001లో రోమ్‌లో నిపుణులు కూర్చుని ఇకపై ఉత్త 'ఫిమోరల్ వీన్' అనే అనాలని తేల్చారు. మరి ఇన్నేళ్ళయినా రిపోర్టుల్లో ఆ పాత పేరెందుకు?

అమ్మ బాగానే ఉంది. బాబాయి మాత్రం ఇంకా కాపడం అంటూనే ఉన్నాడు.