షెల్టర్‌లో సాయంత్రాలు

ఇల్లు లేనోళ్ళ కోసం పెట్టే నైట్ షెల్టర్ అంటే పడుకోడానికే అనుకుంటారు చాలామంది, కానీ 2010లోనే సుప్రీంకోర్టు సిటీల్లో లక్ష జనాభాకి ఒకటి చొప్పున, 24 గంటలూ నడిచే షెల్టర్లు పెట్టమంది, మరి ఆ టైమంతా మనిషి గోడ చూస్తూ కూర్చోవాలా?

అలాగని మోటివేషన్ క్లాసులంటే నాకు చిరాకే. పొద్దున్నే లేబర్ అడ్డాకెళ్ళి ఒళ్ళు హూనమై వచ్చినోళ్ళకి లెక్చరెందుకండీ. ఏం చేయాలనుందో ముందు వాళ్ళనే అడగాలి. ఇక్కడ హైదరాబాద్‌లో మేం వెళ్ళే షెల్టర్‌లో ఒక పెద్దాయన ఒకప్పుడు టైలరట, పాత కుట్టుమిషన్ తెచ్చిపెడితే బాబిన్‌కి దారం చుట్టి ఫస్ట్ తన చొక్కా జేబే కుట్టుకున్నాడు, ఇప్పుడు అందరి బ్యాగుల జిప్పులూ ఆయనే వేస్తున్నాడు. ఇంకోవైపు క్యారమ్స్, పౌడర్ డబ్బా, ఒకటే గోల. అష్టాచెమ్మాకైతే సుద్దముక్క చాలు. ఎనిమిది దాటాక మాత్రం ఏం పెట్టకండి, తెల్లారితే మళ్ళీ పని కదా, రానోళ్ళని బలవంతం కూడా చేయొద్దు.