సిస్టర్ హాజరు పట్టీ

మన బ్యాచ్ మళ్ళీ కలుస్తోంది కదా, హైస్కూలు నాలుగేళ్ళ జ్ఞాపకాలూ రాయమని కమిటీ వాళ్ళు అడిగారు. అన్నీ రాయడం నా వల్ల కాదు. ఫామ్ వన్, అంటే హైస్కూలు మొదటి ఏడు, పొద్దున ఉజి జావ కోసం లైను, మధ్యాహ్నం మొక్కజొన్నా చిక్కుడు గింజలూ ఉడికించిన గిథేరి, మటాటు అని మనం పిలిచేవాడి గొంతు, పొడుగు అనే మన నేస్తం బూట్ల గొడవ. అవన్నీ మీకు తెలిసినవే. ఫామ్ టూ సంగతి నాకసలు గుర్తే లేదు. గుర్తున్నదల్లా 2008 జనవరి, కెమిస్ట్రీ సిస్టర్, ఆవిడ హాజరు పట్టీ.

2007 డిసెంబర్ 27న కెన్యా అధ్యక్ష ఎన్నికల ఓట్లు, 30న ఫలితం. ఆ తర్వాతి గొడవల్లో నైరోబీలోని మన మురికివాడ కిబేరా మనకే తెలియకుండా పోయింది. తోయ్ మార్కెట్ తగలబడింది. మా అమ్మ అమ్ముకునే మితుంబా, అంటే ఎవరో వాడేసిన పాత బట్టల మూట బూడిదైంది. జనం రైలు పట్టాలు పీకేశారు. కిబేరాలోనే గట్వెకేరా పేట వాళ్ళు లైనీ సాబా పేట వైపు రాలేరు, అటువాళ్ళు ఇటు అడుగు పెట్టలేరు. ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే పుస్తకం చూసుకున్న మనం, ఎవరిది ఏ తెగో లెక్క పెట్టుకోవాల్సిన రోజులొచ్చాయి.

స్కూళ్ళు ఆలస్యంగా తెరిచారు. క్లాసులో సగం బెంచీలు ఖాళీ. సిస్టర్ ఎప్పటిలాగే పట్టీ తెరిచి మొదటి పేరు నుంచి పిలిచారు. రానివాళ్ళ పేరు పిలిచినప్పుడు కూడా తలెత్తి గుమ్మం వైపు చూసి, కాసేపు ఆగి, తర్వాతి పేరుకు వెళ్ళారు. ఆబ్సెంట్ అని మాత్రం వేయలేదు. గడి ఖాళీగా వదిలేశారు. మటాటు ఉండబట్టలేక, "వాళ్ళు వెళ్ళిపోయారు సిస్టర్" అన్నాడు.

"ఎక్కడికెళ్ళారో కనుక్కుని చెప్పు. అప్పుడు ఈ గడి నింపుతాను" అన్నారు.

శనివారం ఆవిడ జమ్‌హూరి గ్రౌండ్‌కి బయల్దేరారు. ఇళ్ళు పోయినవాళ్ళంతా అక్కడే గుడారాల్లో ఉన్నారు. పుస్తకాల బస్తా పొడుగూ నేనూ మోశాం. దారంతా ఒకటే టెన్షన్. ఆవిడ మాత్రం జపమాల చేత్తో పట్టుకుని మాకంటే ముందు నడిచారు. అక్కడ గుడారాల మధ్య నిలబడి, మన క్లాసులో పిలిచినట్టే, అదే గొంతుతో పేర్లు పిలిచారు. నీళ్ళ లైనులో ఉన్న ఆడవాళ్ళు తిరిగి చూశారు. గిటారు పేరు రాగానే ఒక గుడారం వెనక నుంచి "ప్రెజెంట్ సిస్టర్" అని వినిపించింది. ఎవరిదో పెద్దవాళ్ళ కోటు వేసుకుని, చెప్పుల్లేకుండా వచ్చాడు.

సిస్టర్ ఓ ఖాళీ జెర్రీక్యాన్ బోర్లించుకుని కూర్చుని, ఆ గడి నింపారు. ఆ వెంటనే లాగ్ టేబుల్స్ తీశారు. ఆ పుస్తకానికి మొక్కజొన్న పిండి ప్యాకెట్ కాగితంతో వేసిన అట్ట, మూలల్లో ఇంకా తెల్లగా పిండి. "మోలారిటీ దగ్గర ఆగాం కదా" అంటూ మొదలుపెట్టారు. మధ్యాహ్నం త్రికాల జపం చెప్పించి, మళ్ళీ లెక్కలే. ఏడ్చినవాళ్ళని ఏడవనిచ్చారు, లెక్క మాత్రం పూర్తి చేయించారు. ఆ రోజుల్లో నాకు దేవుడి గురించి ఎవరైనా ఏదైనా నేర్పారంటే అది ఆవిడే.

ఫిబ్రవరి 28న నాయకులు రాజీ ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. మన పట్టీలో కొన్ని గడులు నిండాయి, కొన్ని నిండనేలేదు.

2009లో కేసీఎస్ఈ, అంటే హైస్కూలు చివరి పరీక్ష రాశాం. ఎవరికెన్ని పాయింట్లు వచ్చాయో ఒకరివి ఒకరికి తెలుసు. నేనిప్పుడు కిసుములో ఒక ప్రభుత్వాసుపత్రి ల్యాబ్ చూసుకుంటున్నాను. మలేరియా స్లైడ్లు, టీబీ కళ్ళె పరీక్షలు అన్నీ నా సంతకంతోనే బయటికెళ్తాయి. కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పేదీ నేనే. టీబీ రిపోర్టు తీసుకోవడానికి ఎవరైనా రాకపోతే ఆ పేరు మూయనివ్వను. ఊళ్ళో ఆరోగ్య కార్యకర్తకు ఫోన్ చేయించి, మనిషి దొరికేదాకా వెతికిస్తాను. అమ్మ నా దగ్గరే ఉంది. మూటలు మోసే పని లేదిప్పుడు. తమ్ముడు ఇంజనీరింగ్ పూర్తి చేశాడు.

కమిటీ వాళ్ళకు ఒక్క మాట. ఆహ్వానాలు కేసీఎస్ఈ ఫలితాల జాబితా చూసి పంపుతున్నారని విన్నాను. దయచేసి అలా చేయకండి. 2006 ఫామ్ వన్ పట్టీ ఆఫీసులో ఉంటుంది, అది తీయండి. మధ్యలో పోయినవాళ్ళూ మన బ్యాచే. చివరి బెంచీ కవలలు ఎల్డోరెట్ వైపు ఉన్నారట, వాళ్ళను వెతికే పని నాది. తోయ్ వైపు నుంచి వచ్చేవాళ్ళ సంగతి గిటారుకు తెలుస్తుంది. మిగతావాళ్ళను కనుక్కునే పని మటాటూ, నీది. సిస్టర్ నీకు అప్పుడే చెప్పారు.