క్లింగ్లర్ గారి కథ తెలుగులో చెప్పిన రాత్రి

మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. పుట్టింది, పెరుగుతున్నది బెర్లిన్‌లో. నేను తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబిస్తుంది. గుణింతాలు రాయించాను, బతిమాలాను, కోప్పడ్డాను కూడా.

రెండేళ్ల క్రితం వయొలిన్‌లో చేర్పించాం. టీచర్‌ది సుజుకి పద్ధతి. మొదటి రోజే నన్నూ క్లాసులో కూర్చోమన్నారు. ఇంట్లో సాధన చేయించేది అమ్మానాన్నలే కాబట్టి పాఠం వాళ్లకీ అవసరమట. నేర్చుకోబోయే పాటల రికార్డింగు రోజూ ఇంట్లో మోగుతుండాలి, నోట్స్ చదవడం తర్వాత. జపాన్‌లో ప్రతి పిల్లా విని విని జపనీస్ మాట్లాడేస్తున్నప్పుడు సంగీతం మాత్రం ఎందుకు రాదు అన్నది ఈ పద్ధతి మొదలుపెట్టిన జపాన్ వయొలిన్ గురువు షినిచి సుజుకి ఆలోచన. దానికి ఆయన పెట్టిన పేరు మాతృభాషా పద్ధతి.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆ వారమంతా నా మాటలు నేనే గమనించుకున్నాను. "తొందరగా తిను." "బూట్లు వేసుకో." "ఫోన్ పక్కన పెట్టు." మా ఇంట్లో తెలుగు పనులు పురమాయించడానికే మిగిలింది. కథలూ కబుర్లూ అన్నీ జర్మన్‌లోనే.

సుజుకి 1920లలో ఈ బెర్లిన్‌లోనే వయొలిన్ నేర్చుకున్నారు. గురువు కార్ల్ క్లింగ్లర్. శిష్యుడి పేరు ప్రపంచమంతా తెలుసు, గురువు పేరు తెలిసినవాళ్లు తక్కువ. క్లింగ్లర్ 1879లో స్ట్రాస్‌బుర్గ్‌లో పుట్టారు, అప్పట్లో ఆ ఊరు జర్మనీలో ఉండేది. బెర్లిన్ వచ్చి ఇక్కడి సంగీత కళాశాలలో వయొలిన్ విద్వాంసుడు యోసెఫ్ యోఆఖిమ్ దగ్గర నేర్చుకుని, తర్వాత అక్కడే తానూ పాఠాలు చెప్పారు. 1905లో తన పేరుతో క్వార్టెట్, అంటే నలుగురి వాద్యబృందం, పెట్టారు: రెండు వయొలిన్లు, వాటికంటే కాస్త పెద్దదైన వయోలా ఒకటి, కూర్చుని వాయించే పెద్ద చెల్లో ఒకటి. నాజీలు వచ్చాక, చెల్లో వాయించే ఎర్న్‌స్ట్ సిల్బర్‌స్టైన్ యూదుడు కాబట్టి ఆయన్ని తీసెయ్యాలని ఒత్తిడి వచ్చింది. క్లింగ్లర్ ఒప్పుకోలేదు. ముప్ఫై ఏళ్లుగా నడిపిన క్వార్టెట్‌నే 1936లో ఆపేశారు.

ఈ కథ ఒక రాత్రి పక్క మీద తెలుగులో చెప్పాను. చాలాచోట్ల మాట వెతుక్కోవాల్సి వచ్చింది. అది కదలకుండా వింది. యూదుల సంగతి దానికి కొంత తెలుసు. ఇక్కడి కాలిబాటల్లో, వాళ్లు చివరిగా ఉన్న ఇళ్ల ముందు, పేర్లు చెక్కిన చిన్న ఇత్తడి పలకలు ఉంటాయి. వాటిని తొక్కకుండా పక్కనించి నడుస్తుంది.

"అప్పుడు మనం ఎక్కడున్నాం?" అని అడిగింది. తెలుగులోనే.

జర్మన్‌లో మనం, మేము రెండింటికీ ఒకటే మాట. అందుకే "ఇవాళ మనం స్కూల్లో బొమ్మలు గీశాం" అంటుంది నాతో, "మేము అను" అని దిద్దుతుంటాను. ఆ రాత్రి దిద్దబుద్ధి కాలేదు.

"మీ తాతమ్మ వాళ్లు విజయనగరంలో ఉన్నారు" అన్నాను.

"మరి మన వీధిలో వాళ్లు?"

ఈ ఊళ్లో పిల్లని పెంచుతూ ఆ ప్రశ్నని దాటేయకూడదనిపించింది. "కొంతమందిని తీసుకుపోయారు. కొంతమంది కిటికీలోంచి చూస్తూ ఉండిపోయారు" అన్నాను.

ఆదివారం అమ్మ వీడియో కాల్ చేసింది. అమ్మది విజయనగరం, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన సంగీత కళాశాల ఉన్న ఊరు. కింద కూర్చుని, వయొలిన్ కొన పాదం మీద ఆనించి వాయించడమే ఆవిడ చూసింది. మనవరాలు నిలబడి గడ్డం కింద పెట్టుకుంటే "మెడ నొప్పి పుట్టదుటే?" అని ఎప్పుడూ అడుగుతుంది. ఆ రోజు మాత్రం వయొలిన్ పెట్టెలో పెట్టేసి ఇది కథ మొదలుపెట్టింది.

"అమ్మమ్మా, ఆయన్ని పంపెయ్ అన్నారు. క్లింగ్లర్ పంపలేదు. అందరూ ఆపేశారు."

"అయ్యో! మరి ఆ చెల్లో ఆయన ఏమయ్యాడే?"

నా వైపు చూసింది. నేను పలకలేదు. కాసేపు మాట కూడగట్టుకుని, "అమెరికా వెళ్లాడు అమ్మమ్మా. క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాలో వాయించాడు" అంది.