వింగ్-టీ వీడియోలతో నా కుస్తీ: హైస్కూల్ ఫుట్‌బాల్ వాలంటీరుగా నా అనుభవం

సీజన్ అయిపోయింది. చిరాకు మాత్రం ఇంకా పోలేదు, అందుకే చల్లారకముందే రాసేస్తున్నా. సియాటిల్‌కి సరస్సు ఇవతల బెల్‌వ్యూ, సమామిష్, ఇసాక్వా వైపు ఉండే మనవాళ్లలో ఎవరి పిల్లలైనా హైస్కూల్ ఫుట్‌బాల్‌లో చేరితే, స్కూలు వాళ్లు తల్లిదండ్రులకి ఏదో ఒక పని అంటగడతారు. నాకు అంటగట్టింది ఎదుటి టీమ్‌ల వీడియోలు చూసి, వాళ్లు ఎలా ఆడతారో పట్టికలో రాయడం. వాటిలో నన్ను ఏడిపించింది వింగ్-టీ అనే పాతకాలపు పద్ధతిలో ఆడే టీమ్ వీడియో. ఫుట్‌బాల్ అంటే ఇక్కడి అమెరికన్ ఆట, బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తేది.

మావాడు పదో తరగతి, జేవీ టీమ్, అంటే వర్సిటీ అనే ప్రధాన టీమ్ కింద ఉండే జూనియర్ టీమ్. చేరడం తేలికే. డాక్టరు చేత ఫిజికల్ ఫారం, తలకి దెబ్బ తగిలితే ఏం చేయాలో చెప్పే కాగితం మీద నావీ వాడివీ సంతకాలు, అంతే. ఆ రెండో కాగితాన్ని మాత్రం చదవకుండా సంతకం పెట్టకండి. 2006లో ఇక్కడికి దగ్గర్లోనే మేపుల్ వ్యాలీలో జాకరీ లిస్టెడ్ అనే 13 ఏళ్ల పిల్లాడు తలకి దెబ్బ తగిలాక అదే ఆటలో మళ్లీ దిగి, ప్రాణాపాయంలో పడ్డాడు. అలా దెబ్బ తగిలిన పిల్లల్ని వెంటనే మళ్లీ ఆటలోకి దింపకుండా అతని పేరు మీదే 2009లో వాషింగ్టన్ రాష్ట్రం చట్టం చేసింది. దేశంలో అలాంటి చట్టం అదే మొదటిది. అది చదివాక మా ఆవిడ "ఏమండీ, వీడికో టెన్నిస్ రాకెట్ కొనిపెడితే పోయేది కదా" అంది. వాడు వింటేగా.

వాలంటీరు అనుమతి కోసం స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక వరుసలో, డ్రైవింగ్ లైసెన్సులో ఇంకో వరుసలో ఉండేసరికి నేను ఇద్దరు మనుషులనుకున్నారు. ఈమెయిల్స్‌కి జవాబు రాదు. నేరుగా వెళ్లి కౌంటర్ ముందు నిలబడండి, అప్పుడే ఫైలు కదులుతుంది.

పని ఏమిటంటే, హడల్ అని ఒక సైటు ఉంది, ఇక్కడి స్కూళ్లన్నీ వీడియోలు దాంట్లోనే ఇచ్చిపుచ్చుకుంటాయి. ప్రతి ఎత్తూ ఒక చిన్న క్లిప్. ప్రతి క్లిప్‌కీ ఎన్నో డౌన్, ఇంకా ఎన్ని గజాలు కావాలి, బంతి ఏ గీత మీద ఉంది, కుడి హాషా ఎడమ హాషా, ఏ ఫార్మేషన్, ఏం ఆడారు, ఎన్ని గజాలొచ్చాయి, ఇవన్నీ నింపాలి. డౌన్ అంటే 10 గజాలు ముందుకు పోవడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో ఒకటి. హాష్ అంటే మైదానం పొడవునా రెండు వరసలుగా ఉండే చిన్న గీతలు. ఫార్మేషన్ అంటే ఆట మొదలయ్యే ముందు ఎవరెక్కడ నిలబడ్డారన్నది. సొంత సగంలో ఉంటే గజాల ముందు మైనస్ పెట్టాలి, అంటే సొంత 35 గీత మీద ఉంటే మైనస్ 35. డబ్బిస్తే ఈ పని చేసిపెట్టే సేవ హడల్ దగ్గరే ఉంది. మా స్కూలు ఆ డబ్బు పెట్టదు. రోజంతా డేటాతోనే బతికేవాణ్ని కాబట్టి నేనే చేస్తానని చెయ్యెత్తాను.

మొదట ఇచ్చింది స్ప్రెడ్ ఆడే టీమ్ వీడియో. హాయిగా నడిచింది. ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ 5 గజాల వెనక నిలబడి బంతి అందుకుంటాడు, పాస్‌లు పట్టే రిసీవర్లు నలుగురు మైదానం వెడల్పంతా పరుచుకుని ఉంటారు, బంతి కళ్లముందే గాల్లో ఎగురుతుంది. మన ప్రాంతంలో ఈ ఆటకి పెట్టింది పేరు సమామిష్‌లోని స్కైలైన్ హైస్కూల్. అక్కడ క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన మ్యాక్స్ బ్రౌన్‌కి 2012 సీజన్‌లో దేశం మొత్తానికి ఉత్తమ హైస్కూల్ ఆటగాడిగా గేటరేడ్ అవార్డు వచ్చింది. క్రికెట్ మాత్రమే చూసి పెరిగినవాడికి కూడా స్ప్రెడ్ ఒక్క సాయంత్రంలో అర్థమైపోతుంది.

తికమక పెట్టేది ఆర్పీవో ఒక్కటే, అంటే పరుగో పాసో ఆఖరి క్షణంలో తేల్చుకునే ఎత్తు. ముందు వరసలో నిలబడే లైన్ వాళ్లు పరుగు కోసం దారి తీస్తుంటారు, క్వార్టర్‌బ్యాక్ మాత్రం ఎదుటి టీమ్ రెండో వరసలో కాపలా కాసే ఒక లైన్‌బ్యాకర్ మీదే కన్నేసి ఉంచుతాడు. అతను ముందుకు ఉరికితే అతని వెనక ఖాళీలోకి విసురుతాడు, ఉరకకపోతే బంతిని, దానితో పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ చేతిలో వదిలేస్తాడు. మరి పట్టికలో పరుగని రాయాలా, పాస్ అని రాయాలా? నేను లైన్ వాళ్ల కదలికని బట్టి వేరే కాలమ్ పెట్టుకున్నా. హైస్కూల్ రూల్స్‌లో ముందుకి పాస్ విసిరేలోపు లైన్ వాళ్లు బంతి ఉన్న గీత నుంచి 2 గజాలు దాటి పోకూడదు కాబట్టి, ఆ పాస్ ఎప్పుడూ చకచకా వెళ్లిపోయే పొట్టి పాసే అవుతుంది. దీన్ని పట్టుకుంటే సగం పని అయినట్టే.

ఆ వీడియోలోంచే ఒక సంగతి లాగాను, చెప్పుకోకుండా ఉండలేను. హైస్కూల్ మైదానం వెడల్పు 160 అడుగులు. హాష్ గీతలు దాన్ని మూడు సమాన భాగాలు చేస్తాయి. ఎన్ఎఫ్ఎల్ అనే ప్రొఫెషనల్ లీగులో ఆ గీతలు దాదాపు మధ్యలో ఉంటాయి, ఇక్కడ అలా కాదు. బంతి హాష్ మీద ఉంటే ఒక పక్క ఇరుకు, రెండో పక్క దానికి రెట్టింపు. ఈ టీమ్ వాళ్లు విశాలమైన పక్కకి ముగ్గురు రిసీవర్లని పంపి, అందరి చూపూ అటు తిప్పి, ఇరుకు పక్కకి పరిగెత్తేవాళ్లు. కోచ్‌లు ఫార్మేషన్‌ని ఒక్కదాన్నే చూస్తున్నారు. నేను హాష్‌తో కలిపి పివట్ టేబుల్ వేస్తే బయటపడింది. హెడ్ కోచ్ ఆ కాగితం చూసి నా భుజం తట్టాడు. ఆ వారమంతా ఇంట్లో నా నడకే మారిపోయిందని మా ఆవిడ అంటుంది.

తర్వాత వచ్చింది వింగ్-టీ ఆడే టీమ్ వీడియో. అక్కడ మొదలైంది నా పని పట్టడం.

ఇది పాతకాలపు ఆట. 1950లలో డెలావేర్ యూనివర్సిటీ కోచ్ డేవిడ్ నెల్సన్ పేరు తెచ్చిపెట్టిన పద్ధతి. రిసీవర్లు పరుచుకోవడాలు లేవు. అందరూ బంతి చుట్టూ గుమిగూడి ఉంటారు. క్వార్టర్‌బ్యాక్, బంతిని వెనక్కి అందించే సెంటర్ అనేవాడి వెనకాలే వంగి బంతి తీసుకుని, వెంటనే మనకి వీపు చూపిస్తాడు. బంతితో పరిగెత్తేవాళ్లలో ఫుల్‌బ్యాక్ మధ్యలోకి దూసుకెళ్తాడు, హాఫ్‌బ్యాక్ ఒక పక్కకి పరిగెడతాడు, క్వార్టర్‌బ్యాక్ రెండో పక్కకి పోతాడు. ముగ్గురూ పొట్ట దగ్గర రెండు చేతులూ ముడుచుకుని వంగి పరిగెడతారు. తిరనాళ్లలో మూడు గిన్నెలు తిప్పి గోళీ ఎక్కడుందో చెప్పమనేవాడు ఉంటాడే, అచ్చం అదే వరస. పైగా ఆ వీడియో తీసిన మహానుభావుడు బంతి ఉందనుకున్న చోటికి జూమ్ చేస్తూ పోయాడు. అంటే గోళీవాడి చేతిలో కెమెరామనే ముందు మోసపోయాడు. క్లిప్ సగంలో కెమెరా ఒక్క కుదుపుతో అటు తిరిగేసరికి ఎవడో గోల్ గీత దాటి టచ్‌డౌన్ చేస్తూ ఉంటాడు.

అర్ధరాత్రి దాకా ఒక్కో క్లిప్‌నీ ముందుకీ వెనక్కీ తిప్పాను. నెమ్మదిగా ఆడించాను. టీవీకి తగిలించి చూశాను. కొన్నిట్లో తేలింది, చాలావాటిలో తేలలేదు. ఊహించి నింపేయొచ్చు, చాలామంది అదే చేస్తారట. ఆఫీసులో నేను అలాంటి డేటాతోనే రోజూ తలనొప్పి పడతాను కాబట్టి మనసొప్పలేదు. 'ఏం ఆడారు' అనే కాలమ్‌లో 'బంతి కనపడలేదు' అని నిజాయితీగా రాసిపెట్టాను.

ఆదివారం మధ్యాహ్నం వీడియో గదిలో మీటింగ్. సాధారణంగా కోచ్‌లే ఉంటారు. ఆ రోజు పిల్లల్ని కూడా కూర్చోబెట్టారు, మావాడు మూడో వరసలో. ఒక అసిస్టెంట్ కోచ్, పేరు అనవసరం, నా పట్టికని పెద్ద తెర మీద వేశాడు. 'బంతి కనపడలేదు' అనే క్లిప్‌లన్నీ ఫిల్టర్ చేసి ఒక్కొక్కటీ చదవడం మొదలెట్టాడు. "కనపడలేదు. కనపడలేదు. ఇదీ కనపడలేదు." గదంతా నవ్వులు. "మన స్కౌట్ గారికి కళ్లద్దాలు కొనిపెట్టడానికి చందాలు వేసుకుందాం" అన్నాడు. ఇంకా గట్టిగా నవ్వారు. పెద్ద పెద్ద మీటింగుల్లో పెద్ద పెద్దవాళ్ల ముందు మాట్లాడినవాణ్ని, పదహారేళ్ల పిల్లల ముందు చెవులు ఎర్రబడి కూర్చున్నాను. అన్నిటికంటే బాధ, మావాడు నవ్వలేదు. తల దించుకుని బూట్ల లేసులు కట్టుకుంటున్నట్టు నటించాడు.

అసలు విషయం వినండి. అతను ఒక క్లిప్ ఆపి, "ఇదిగో, ఇంత స్పష్టంగా ఉంటే! ఫుల్‌బ్యాక్ దగ్గరుంది" అని లేజర్ పెట్టి చూపించాడు. ప్లే నొక్కాడు. ఆ ఫుల్‌బ్యాక్ మీద ముగ్గురు పడ్డారు, బంతి మాత్రం క్వార్టర్‌బ్యాక్‌తో అవతలి అంచున పరిగెడుతోంది. ఈసారి ఎవరూ నవ్వలేదు, అతను గబగబా తర్వాతి క్లిప్‌కి వెళ్లిపోయాడు. ఉచితంగా పనిచేసేవాడి మీద జోకులేయడం చాలా తేలిక, జీతం తీసుకునేవాడు తప్పు చూపిస్తే మాత్రం క్లిప్ మారిపోతుంది. మన ఊళ్లో ఆఫీసుల్లోనే ఇలా ఉంటుందనుకునేవాణ్ని. ఎక్కడైనా ఒకటే.

తిరిగొచ్చేటప్పుడు కారులో చాలాసేపు మాటల్లేవు. తర్వాత వాడే అన్నాడు: "నాన్నా, నువ్వు బంతిని ఎందుకు చూస్తున్నావ్? గార్డుల్ని చూడు. నేను గార్డునే కదా, నన్నడగొచ్చుగా."

ఆ రాత్రి డైనింగ్ టేబుల్ మీద ఉప్పు డబ్బా, కారం డబ్బా, పచ్చడి సీసాలు పేర్చి వాడు చెప్పింది ఇది. సెంటర్‌కి చెరో పక్కనా ఉండే ఇద్దరే గార్డులు. లైన్ వాళ్లకి 50 నుంచి 79 లోపు నంబర్లే ఉండాలి కాబట్టి వాళ్లని వెతకడం తేలిక. వెనకున్న ముగ్గురూ ఎన్ని వేషాలైనా వేస్తారు, గార్డులకి మాత్రం వేషాలేసే తీరిక లేదు, వాళ్లు నిజంగా వెళ్లి ఎవరో ఒకర్ని గుద్దాలి. ఇద్దరు గార్డులూ బ్యాక్‌లు పరిగెత్తే పక్కకే లేచిపోతే అది బక్ స్వీప్, బంతి హాఫ్‌బ్యాక్ దగ్గర. ఒక్క గార్డు మాత్రం పక్కకి పొట్టిగా వెళ్లి లోపలున్న డిఫెండర్ని పక్కనుంచి గుద్దితే అది ట్రాప్, బంతి ఫుల్‌బ్యాక్ దగ్గర. బ్యాక్‌లు అటూ, గార్డులిద్దరూ ఇటూ పోతే అది వాగల్, బంతి క్వార్టర్‌బ్యాక్ దగ్గరే ఉంది, ఇంకాసేపట్లో విసరబోతున్నాడు.

మళ్లీ మొదట్నుంచి కూర్చున్నాను, బంతి వంక చూడకుండా. గార్డుల కోసం కొత్త కాలమ్ పెట్టాను. జూమ్ ఎంత చెత్తగా ఉన్నా మొదటి సెకనులో గార్డులు తెర మీదే ఉంటారు. 'కనపడలేదు'లు కరిగిపోయాయి. ఆ తర్వాత పట్టికలోంచి వాళ్ల అలవాటు కూడా దొరికింది: స్వీప్ ఒకసారి బాగా పారిందంటే, అదే పక్కకి మళ్లీ బయల్దేరినట్టు చూపించి వాగల్ వేస్తారు. ఆ వారం జేవీ పిల్లలే వింగ్-టీ టీమ్‌లా వేషం కట్టి మా వర్సిటీకి ప్రాక్టీస్ ఇచ్చారు. మావాడే ఎడమ గార్డు.

ఈ రెండు రకాల టీమ్‌ల తేడా నాకు అప్పుడు అర్థమైంది. స్ప్రెడ్‌ని ఆపాలంటే ఖాళీ జాగాల్లో ఒంటరిగా ట్యాకిల్ చేయగల, అంటే పట్టి పడేయగల వేగం కావాలి, అది ఉన్న పిల్లలు లేకపోతే ఎంత చదివినా లాభం లేదు. వింగ్-టీకి ఆ వేగం అంతగా అక్కర్లేదు, కానీ పదకొండు మందిలో ఒక్కడు చూడకూడని చోట చూసినా మన పని అయిపోతుంది. పైగా మన నవంబరు వానల్లో పాస్‌లు జారతాయి, వీళ్ల స్వీప్‌కి వానతో పనిలేదు. బెల్‌వ్యూలో ఆఫీసు టవర్లూ మాలూ తప్ప ఏముందనుకునే మనవాళ్లకి ఈ సంగతి తెలియాలి. కాలిఫోర్నియాలో డి లా సాల్ అనే స్కూలు 1992 నుంచి వరసగా 151 ఆటలు గెలుస్తూ వచ్చింది. వాళ్లది వీర్ అనే పరుగుల ఆట. 2004 సెప్టెంబరులో సియాటిల్ వచ్చి మన బెల్‌వ్యూ హైస్కూల్ చేతిలో 39-20తో ఓడిపోయారు. బెల్‌వ్యూ ఆడింది ఈ వింగ్-టీనే. ఆ సంగతి ముందే తెలిసుంటే 'పాత ఆటే కదా' అని ఆ వీడియోని రాత్రి భోజనం తర్వాతకి వాయిదా వేసేవాణ్ని కాదు.

మా ఆట సంగతి అడుగుతారేమో. ఓడిపోయాం. స్వీప్ మా వాళ్లని చితగ్గొట్టింది. కానీ వాగల్ మీద ఒక్క టచ్‌డౌన్ ఇవ్వలేదు. రెండో సగంలో మా లైన్‌బ్యాకర్ గార్డుల్ని చూసి అవతలి పక్కకి ముందే వెళ్లి నిలబడి పాస్ పట్టేసినప్పుడు, స్టాండ్స్‌లో నేను అరిచిన అరుపుకి ముందు వరసలో ఒకాయన పాప్‌కార్న్ ఒలికిపోయింది.

ఎవరైనా ఈ పనికి ఒప్పుకుంటే, ముందే రెండు కోణాల వీడియో అడగండి. గోల్ వెనకనుంచి తీసింది ఉంటే గార్డులు చక్కగా కనిపిస్తారు. 'ఇవ్వం' అంటే మొహమాటపడకుండా హెడ్ కోచ్‌నే అడగండి, అసిస్టెంట్ల చుట్టూ తిరక్కండి. తెలియనిది ఖాళీగా వదిలేయండి, కామెంట్ రాయకండి, రాస్తే తెర మీదికి వస్తుంది. స్కూలు ఆటలకి డబ్బు కూడగట్టే బూస్టర్ క్లబ్ వాళ్లు ఫుడ్ స్టాల్ కూడా చూసుకోమంటారు, ఒప్పుకోవద్దు, ఒకసారి సరే అంటే సీజనంతా హాట్‌డాగ్‌లే. ఇక "ఎస్ఏటీ కోచింగ్ మాన్పించి బంతాటలకి పంపిస్తారేంటండీ" అని పార్టీల్లో సాగదీసే మనవాళ్లుంటారు. మావాడు కోచింగూ మానలేదు, ఆటా మానలేదు. అయినా పచ్చడి సీసాలతో నాకు పాఠం చెప్పగలిగినవాడికి ఎస్ఏటీ ఒక లెక్కా.

నిన్న ఆ అసిస్టెంట్ కోచ్ నుంచి మెసేజ్ వచ్చింది. వచ్చే ఏడాదికి నా గార్డుల కాలమ్ ఉన్న పట్టిక నమూనా పంపమంటున్నాడు, చివర్లో 'ప్లీజ్' కూడా పెట్టాడు. పట్టిక పంపిస్తాను, కాకపోతే హెడ్ కోచ్‌కి పంపిస్తాను.