చప్పుడు చేయని బండితోనే టెన్షన్

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మా గ్యారేజీకి పాత ల్యాండ్ క్రూజర్లు ఎక్కువ. ఓనర్లందరిదీ ఒకటే గోల, పొద్దున స్టార్ట్ చేస్తే టిక్ టిక్ మంటోందని. నా భయం మాత్రం ఏళ్ల తరబడి వాల్వ్ గ్యాప్ చూపించకుండా సైలెంట్‌గా తిరిగే బండి గురించే. వాల్వ్‌కూ దాన్ని నొక్కి తెరిచే భాగానికీ మధ్య వదిలే సన్నని సందే ఈ గ్యాప్. అది పెరిగితే చప్పుడు వస్తుంది. తగ్గితే ఏ చప్పుడూ రాదు. వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే సీటు అరిగేకొద్దీ వాల్వ్ పైకి ఎక్కి గ్యాప్‌ను తినేస్తుంది, చివరికి పూర్తిగా మూసుకోదు. వాల్వ్ తన వేడిని ఎక్కువగా వదిలేది సీటుకు ఆనినప్పుడే. అది లేకపోతే పొగ బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు కాలిపోతుంది. ఇక ఇంజిన్ పై భాగం, అంటే హెడ్, దించాల్సిందే.

ఈ పని నేను నేర్చుకున్నది వరంగల్‌లో, అంబాసిడర్ల మీద. అక్కడ ట్యాపెట్ సెట్టింగ్ అంటాం. పాత 1.5 లీటర్ల ఇంజిన్‌కు 8 వాల్వులు, గ్యాప్ అంగుళంలో వెయ్యోవంతులు 15. ఉస్తాద్ తొమ్మిది లెక్క చెప్పేవాడు: ఒకటోది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఎనిమిదోది సెట్ చెయ్యి, మూడోది తెరుచుకుంటే ఆరోది. స్క్రూ తిప్పి, సందు కొలిచే పల్చటి రేకు, ఫీలర్ గేజ్, కాస్త పట్టుగా జారిందా చూసి, లాక్ నట్ బిగించి మళ్లీ చూడాలి. బిగింపులోనే గ్యాప్ మారుతుంది మరి.

ఇక్కడి ల్యాండ్ క్రూజర్ల 4.5 లీటర్ల వన్ ఎఫ్‌జెడ్ ఇంజిన్‌కు 24 వాల్వులు, తిప్పే స్క్రూయే లేదు. వాల్వ్ మీద బోర్లించిన గిన్నెలాంటి బకెట్, దాని మీద షిమ్ అనే లోహపు బిళ్ల ఉంటుంది. గాలి లోపలికి తీసుకునే ఇంటేక్ వాల్వ్‌కు గ్యాప్ 0.15 నుంచి 0.25 మి.మీ., ఎగ్జాస్ట్‌కు 0.25 నుంచి 0.35. గ్యాప్ ఎంత తక్కువుంటే అంత పల్చటి బిళ్ల వేయాలి. మైక్రోమీటర్‌తో కొలవడం, లెక్క రాసుకోవడం. ఇదే నాకు నచ్చిన పని.

అయితే కొలత ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే తీయాలి. జూలైలో 45 డిగ్రీల షెడ్డులో చల్లదనం ఎక్కడిది? బండి రాత్రంతా మా దగ్గర ఉండాలి. ఆ ఎదురుచూపుకు బిల్లు లేదు కాబట్టి మేనేజర్‌కు చిరాకు. జగిత్యాల నుంచి కొత్తగా వచ్చిన పిల్లగాడు "అన్నా, ఫ్యాన్ పెడదామా?" అన్నాడు. "పైపైన చల్లారుతది తమ్మీ, లోపల హెడ్ చల్లారదు. తాళం లోపల పెట్టు, పొద్దున చూద్దాం" అన్నాను.

హనుమకొండలో మా బామ్మర్ది సీఎన్‌జీ క్యాబ్ నడుపుతాడు. అతని బండికీ గ్యాప్‌ను తమంతట తామే సరిచేసుకునే హైడ్రాలిక్ ట్యాపెట్లు లేవు. గ్యాస్‌కు సీట్లు తొందరగా అరుగుతాయి, ఒకసారి గ్యాప్ చూపించు అని ఫోన్ చేసినప్పుడల్లా చెప్తాను. "చప్పుడే లేదు గద బావా" అంటాడు. దసరా కిరాయిలు అయినంక చూపిస్తాడట.